ఒళ్లు మారే గుర్రానికి జీను: ఇవాళ్టి గుంటకి కాదు, రాబోయే వీపుకి కొనండి

ముందు మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు చెబుతాను. మీది రేసుల నుంచి తప్పించిన ఆరేళ్ల థరోబ్రెడ్, ఖస్సీ చేసిన మగ గుర్రం. తెచ్చుకుని ఏడాది దాటింది. వచ్చిన రోజున పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉండేదట. అప్పటి వీపుకి కొన్న జీను ఆరు నెలలకే బిగుతైంది. రెండోది వెడల్పుది కొన్నారు. ఈలోగా ముందు కాలికి దెబ్బ తగిలి రెండు నెలలు లాయంలో నిలబెట్టేసరికి, అది ఇప్పుడు మూపు (మెడా వీపూ కలిసే చోటి ఎత్తు) మీదికి దిగిపోతోంది. మూడోది కొనాలా, కొంటే ఏ సైజు అని అడిగారు.

మూడోది కొనకండి. రెండో జీను చట్రం వంపు మీ గుర్రం వీపు వంపుతో కలుస్తుంటే అదే మీ జీను. దాని వెడల్పు గుర్రం ఎదగబోయే వెడల్పు. ఇప్పుడున్న ఖాళీని నమ్దా (జీను కింద వేసే మెత్త) కింద పొరలతో నింపుకుంటూ, గుర్రం పెరిగేకొద్దీ ఒక్కో పొర తీసేయాలి. మొదటి జీనుని మాత్రం ఎంత ముచ్చటగా ఉన్నా అమ్మేయండి. ఇలా ఎందుకంటున్నానో, ఎలా చేయాలో వివరంగా రాస్తాను. ఇరవై రెండేళ్లుగా హైదరాబాదు చుట్టుపక్కల లాయాల్లో గుర్రాలకి తర్ఫీదు ఇస్తున్నాను. అందులో సగానికి పైగా రేసుల నుంచి వచ్చినవే. మీకొచ్చిన కష్టం ప్రతి ఏటా ఎవరో ఒకరికి వస్తూనే ఉంటుంది.

మలక్‌పేట రేసుకోర్సులో శీతాకాలం సీజను ముగిశాక బయటికొచ్చే గుర్రాలని చూడండి. పరిగెత్తడానికి కట్టిన ఒళ్లు అది. పొట్ట లోపలికి, పిరుదులు గట్టిగా, మూపు ఎత్తుగా కత్తి అంచులా ఉంటుంది. దాని మీద అన్నాళ్లూ పడింది అరచేతిలో పట్టేంత రేసు జీను, తేలికపాటి ఎక్సర్‌సైజు జీను. రేసు శిక్షణ ఆగగానే మొదటి రెండు మూడు నెలల్లో ఆ కండ కరుగుతుంది. తర్వాత దాణా, పచ్చగడ్డి పట్టి కొవ్వు వస్తుంది. ఆ పైన మీ స్వారీ సరిగ్గా ఉంటే వెన్ను వెంబడి కొత్త కండ కడుతుంది. ఇది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు, రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. దీనికి తోడు గుర్రం వెన్నెముక ఎదుగుదల ఆరేళ్లు దగ్గర పడేదాకా సాగుతుంది. అంటే మీరు ఆరేళ్ల గుర్రమని అనుకుంటున్నది నిన్నమొన్నటిదాకా ఎదుగుతున్న పిల్లే.

కొవ్వుకీ కండకీ తేడా తెలుసుకోవడం ఇక్కడ చాలా ముఖ్యం. ఒంటి తీరుని చెప్పడానికి అందరం వాడే 1 నుంచి 9 దాకా స్కోరు ఉంది కదా, 1983లో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో డాన్ హెన్నెకే తయారుచేసినది. అది కొవ్వుని కొలుస్తుంది, కండని కాదు. స్కోరు 4 నుంచి 6కి వెళ్లిందంటే గుర్రం బాగుపడిందని సంతోషిస్తాం, కానీ మూపు పక్కన కండ అలాగే పల్చగా ఉండి పక్కటెముకల మీద మాత్రం కొవ్వు పట్టి ఉండొచ్చు. కొవ్వు చేతికి మెత్తగా జారుతుంది, కండ నొక్కితే తిరిగి నెడుతుంది. కొవ్వు వల్ల వచ్చిన వెడల్పుకి జీను కొంటే, మేత సరిచేయగానే అది వదులవుతుంది.

ఇక అసలు సంగతి. మీరు పంపిన వివరాల్లో ఒక మాట దగ్గర నేను ఆగిపోయాను. జబ్బ వెనకాల రెండు పక్కలా గుంట ఉంది, మొదటి జీను ఆ గుంటలో చక్కగా కూర్చునేది అన్నారు. ఆ గుంట ఎవరు చేశారు?

గుర్రానికి మనలా మెడ కింద కంటెముక ఉండదు. ముందు కాళ్ల, జబ్బ ఎముకల మధ్య మొత్తం ఛాతీ బరువు కండరాల ఊయలలో వేలాడుతుంది. అందుకే కాలు ముందుకు వేసిన ప్రతిసారీ జబ్బ ఎముక పైకొస వెనక్కి తిరుగుతుంది, జీను అంచు కిందికి వస్తుంది. జీను ఇరుకైతే ఆ కదలికకి అడ్డు తగులుతుంది. మూపుకి రెండు పక్కలా ఉండే కండ పొద్దస్తమానం నొక్కుడు పడి ఎండిపోతుంది. అలా గుంట పడుతుంది. అప్పుడు మనం గుంటకి సరిపడా ఇరుకు జీను తెచ్చి "ఎంత చక్కగా అతికిందో" అనుకుంటాం. అది అతకడం కాదు, కండ తిరిగి పెరగకుండా తలుపు వేయడం. మూపు పక్కన గుంట ఉన్న ఏ గుర్రానికైనా నేను మొదట అడిగేది ఇదే: ఈ గుంట పుట్టుకతో వచ్చిందా, జీను చేసిందా? మీ గుర్రం రేసుల్లో ఉన్నప్పటి ఫొటోలు దొరికితే పక్కన పెట్టి చూడండి. పని మానేశాక కండ సగం పోయి ఉండొచ్చు, మిగతా సగం మొదటి జీను పుణ్యం అయి ఉంటుందని నా అనుమానం.

ఈ పొరపాటు నేనూ చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. వృత్తిలోకొచ్చిన కొత్తలో ఒక ఆడ గుర్రానికి ఒక దుకాణంలో వాళ్లు చెప్పిన సైజు తెచ్చాను. కొంచెం బిగుతుగా ఉంది. మెత్తగా ఉంటుందని రెండు నమ్దాలు వేశాను. రెండు నెలలకి గర్త్ (జీనుని పొట్ట కింద కట్టే పట్టీ) బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి పళ్లు చూపించేది. మొండితనం అన్నారందరూ. నేనూ నమ్మాను. ఒకరోజు స్వారీ అయ్యాక నమ్దా తీసి చూస్తే వీపంతా చెమట, మూపుకి చెరో పక్క మాత్రం అరచేయంత మేర పొడిగా ఉంది. అక్కడ నొక్కుడు ఎక్కువై చెమట గ్రంథులు పనిచేయడం మానేశాయన్నమాట. మూడు నెలల తర్వాత సరిగ్గా ఆ చోటే తెల్ల వెంట్రుకలు మొలిచాయి. ముదురు గోధుమ రంగు ఒంటి మీద ఆ రెండు తెల్లమచ్చలు ఆ గుర్రం పోయేదాకా పోలేదు. పాదానికి ఇరుకైన బూటులో మందపాటి మేజోడు తొడిగితే ఏమవుతుందో, ఇరుకు జీను కింద నమ్దా మీద నమ్దా వేసినా అదే అవుతుంది. వదులుని పొరలతో నింపొచ్చు. ఇరుకుని ఏ పొరా వెడల్పు చేయదు.

ఇప్పుడు చేయాల్సిన పని. ఇంజినీరింగ్ డ్రాయింగ్ సామాను అమ్మే దుకాణంలో వంచితే వంగినట్టే నిలిచే రబ్బరు స్కేలు దొరుకుతుంది, ఫ్లెక్సిబుల్ కర్వ్ అని అడగండి. 60 సెంటీమీటర్లది తీసుకోండి, చిన్నది సరిపోదు. చదునైన నేల మీద గుర్రాన్ని నాలుగు కాళ్లూ సమంగా నిలబెట్టాలి. తల నిటారుగా, ఎదురుగా ఉండాలి. సయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) మేత చూపిస్తే మెడ తిప్పి కొలత చెడుతుంది, చూపించొద్దని చెప్పండి. జబ్బ ఎముక వెనక అంచుని వేళ్లతో తడిమి పట్టుకోండి, అక్కడి నుంచి రెండు మూడు వేళ్లు వెనక్కి సుద్దముక్కతో గీత పెట్టండి. అది మొదటి చోటు. వీపు బాగా పల్లంగా ఉన్న చోటు రెండోది. చివరి పక్కటెముకని కింది నుంచి పైకి తడుముకుంటూ వెళ్తే వెన్ను దగ్గర ఎక్కడ కలుస్తుందో అది మూడోది. గుర్రానికి పక్కటెముకలు 18 జతలు. ఆ చివరిదాన్ని దాటి జీను బరువు పడకూడదు, అవతల ఉన్నది నడుము, దానికి కింద ఆసరా లేదు.

మూడు చోట్లా స్కేలుని వీపు మీద అడ్డంగా వేసి, రెండు అరచేతులతో ఒంటికి అంటేలా నొక్కి, ఆకారం చెదరకుండా ఎత్తి చార్టు కాగితం మీద పెట్టి లోపలి అంచు వెంబడి గీయండి. కుడి ఏది, ఎడమ ఏది రాయండి. తేదీ వేయండి. ఆరు వారాలకి మళ్లీ అదే కాగితం మీద, వెన్ను మధ్యగీత కలిపి, వేరే రంగు పెన్సిలుతో గీయండి. నా దగ్గర ఒక గుర్రానివి నాలుగేళ్ల గీతలు ఉన్నాయి. లోపల సన్నని నల్ల గీత, దాని చుట్టూ నీలం, ఆకుపచ్చ, ఎరుపు, చెట్టు మొద్దు కోస్తే కనపడే వలయాల్లా. మధ్యలో ఒక గీత మళ్లీ లోపలికి వచ్చింది, ఆ ఏడాది దానికి కడుపులో పుళ్లు పడి మూడు నెలలు మేత సరిగా తినలేదు. కంటికి ఆనని మార్పుని ఆ కాగితం చూపిస్తుంది. మొదటిసారి గీసినప్పుడే మీకు ఇంకోటి కూడా కనపడొచ్చు, కుడి ఎడమలు ఒక్కలా ఉండవు. చాలా గుర్రాలకి ఒక జబ్బ, ఎక్కువగా ఎడమది, పెద్దగా ఉంటుంది. జీను ఎప్పుడూ పెద్ద జబ్బకే సరిపోవాలి, చిన్న పక్కని పొరతో నింపాలి. సరాసరి తీసి మధ్యస్థంగా కొంటే పెద్ద పక్క నలుగుతుంది, చిన్న పక్కకి జీను జారుతుంది.

మొదటి గీత ప్రకారం అట్టముక్కని కత్తిరించి రెండో జీను ముందు భాగం లోపల పెట్టి చూడండి. మీరు చూడాల్సింది వెడల్పు ఒక్కటే కాదు, కోణం. చట్రం కొసలు జబ్బ వాలుకి సమాంతరంగా దిగాలి. వెడల్పు సరిపోయి కోణం నిటారుగా ఉంటే కింది కొసలు గుచ్చుకుంటాయి. కోణం మరీ విప్పారితే పై భాగం నొక్కుతుంది. చట్రం పొడవునా ఉన్న వంపు చూడాలంటే, వెన్ను పక్కనే మొదటి చోటు నుంచి మూడో చోటు దాకా స్కేలుని పొడవునా వేసి ఇంకో గీత గీసుకుని దాంతో పోల్చాలి. ఇదొక్కటి కలవకపోతే మాత్రం నా సలహా మారుతుంది. ముందు వెడల్పుని మార్చుకోవచ్చు, ప్యానెళ్లలో (జీను అడుగున వీపుకి ఆనే మెత్తల్లో) ఊలుని ఎక్కువతక్కువ చేయించొచ్చు, కానీ చట్రం పొడవు వంపుని ఎవరూ మార్చలేరు. చదును వీపు మీద వంపు చట్రం పెడితే ఉయ్యాలకుర్చీలా ఊగుతుంది. పల్లపు వీపు మీద చదును చట్రం పెడితే వంతెనలా ముందూ వెనకా ఆని మధ్యలో గాలి ఉంటుంది.

జీను వేయడంలోనే సగం తప్పులు జరుగుతాయి. మూపు మీదికి ముందుకి పెట్టి, వెంట్రుకల దిశలో వెనక్కి జరపండి. దానంతట అది ఆగే చోటు ఒకటుంటుంది, జబ్బ ఎముక వెనక. అక్కడే వదిలేయండి. దాదాపు ప్రతి లాయంలోనూ జీను నాలుగు వేళ్లు ముందుకే ఉండటం చూస్తుంటాను. మొదట నమ్దా లేకుండా, గర్త్ బిగించకుండా వేసి, కళ్లు మూసుకుని అరచేతిని ప్యానెల్ కిందికి ముందు నుంచి వెనక దాకా పోనివ్వండి. నొక్కుడు అంతటా ఒకేలా తెలియాలి. మధ్యలో చేయి ఖాళీలోకి జారితే అది వంతెన. వెన్ను పైన రెండు ప్యానెళ్ల మధ్య కాలువ వెనక దాకా మూడు నాలుగు వేళ్లు పట్టేలా ఉండాలి. గర్త్ బిగించి మీరు ఎక్కి కూర్చున్నాక కూడా మూపు పైన రెండు మూడు వేళ్ల సందు మిగలాలి, పైనే కాదు, మూపుకి పక్కలా కూడా. మీ గుర్రానికి ఇప్పుడు ఈ సందే పోయింది కాబట్టి ఒక్కరోజు కూడా ఈ స్థితిలో ఎక్కకండి.

పొరల విషయానికి వస్తాను. జేబులున్న నమ్దాలు దొరుకుతాయి, ముందు రెండు, వెనక రెండు జేబులు ఉన్నది తీసుకోండి. లేకపోతే ఊలు ఫెల్టు కోసి కుట్టించుకోవచ్చు. మీకు ముందు రెండు జేబుల్లోనే పొర కావాలి, ఎందుకంటే జీను ముందుకు దిగుతోంది. వెనక కూడా వేస్తే మొత్తం లేస్తుంది తప్ప వాలు పోదు. పల్చటి పొర ఒకటితో మొదలుపెట్టండి. పొర అంచుని కత్తితో చెక్కి సన్నగా చేయండి. నిలువుగా తెగిన అంచు వీపు మీద గీతలా నొక్కుతుంది, గుర్రం దాన్ని రెండు రోజుల్లో చెబుతుంది. వెన్ను మీదికి పొర రాకూడదు. ఎక్కి చూసుకోండి, జీనులో కూర్చునే పల్లం నడిమధ్యకి వచ్చి మీరు ముందుకి జారకపోతే చాలు. వదులు ఎక్కువై మూడు పొరలు కావాల్సి వస్తే ఆ జీను ఇప్పటికి మరీ వెడల్పు అన్నమాట. అప్పుడు నెలా రెండు నెలలు జీను పక్కన పెట్టి నేల మీద నుంచి పని చేయించండి. కాలు నయమై డాక్టరు సరేనన్నాక పొడవాటి తాడు మీద నడక, ట్రాట్ (మెల్లని పరుగు), నేల మీద పేర్చిన కర్రల మీదుగా నడిపించడం, చిన్న ఎత్తుపల్లాలు ఎక్కించడం. ఊయలలాంటి ఆ ఛాతీ కండరాలు ఇలాంటి పనితోనే తిరిగి బలపడతాయి, మూపు పైకి లేస్తుంది. మనం పైన ఎక్కి కూర్చున్న బరువుతో కండ పెరగదు.

ముందు వెడల్పుని మరతో మార్చుకునే జీనుల గురించి కూడా అడిగారు. వింటెక్, బేట్స్ వాళ్లవి అలాంటివే, ముందు భాగంలో ఉండే గల్లెట్ అనే లోహపు వంపుని విప్పి వేరే సైజుది బిగించుకోవచ్చు. ఒళ్లు మారే గుర్రానికి మంచి ఏర్పాటు, నేను వాడాను. కానీ దాంతో మారేది ముందు వెడల్పు ఒక్కటే, పైన చెప్పిన చట్రం వంపు కాదు. అది కలిసిందని చూసుకున్నాకే తీసుకోండి. ప్యానెళ్లలో ఊలు ఉన్న తోలు జీను అయితే ఊలు తీయించి, వేయించి గుర్రానికి తగ్గట్టు సర్దించొచ్చు. ఫోమ్ ఉన్నవాటిలో ఆ వీలు లేదు. కాన్పూరు జీనులకి పెట్టింది పేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, ధర మనకి అందుతుంది. కానీ ఒకే మోడల్లో రెండు జీనుల చట్రాలు ఒక్కలా ఉంటాయని అనుకోకండి, కేటలాగు చూసి కాకుండా మీ అట్టముక్కలు చేత్తో పట్టుకుని ఎంచుకోండి. కొత్త ఊలు కూర్చుకోవడానికి సమయం పడుతుంది, మూడు నెలలకి ఒకసారి చూపించాలి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. చట్రమే లేని జీను అన్నిటికీ మందని చెప్పేవాళ్లు ఉన్నారు. మీ గుర్రంలా మూపు ఎత్తుగా, వెన్ను పల్చగా ఉన్నవాటికి అది వద్దు. చట్రం ఉన్నదే బరువుని వెన్ను మీద కాకుండా పక్కలకి పంచడానికి.

ఒక హెచ్చరిక. జీను ఎప్పుడూ ఒకే పక్కకి జారుతోందని మీరు చివర్లో ఒక వాక్యం రాశారు. దాన్ని చిన్నగా తీసుకోకండి. వీపు హెచ్చుతగ్గుల వల్ల, మీరు వంకరగా కూర్చోవడం వల్ల కావొచ్చు. కానీ వెనక కాలిలో కుంటి ఉన్నా జీను అలా జారుతుంది. బ్రిటన్‌లో గుర్రాల డాక్టర్లు లీనే గ్రేవ్, స్యూ డైసన్ చేసిన పరిశీలనల్లో ఇది తేలింది. ఆ కుంటి కంటికి కనపడనంత తక్కువగా ఉన్నప్పుడు కూడా జీను జారొచ్చు. మీరు ముందు కాలి దెబ్బ గురించే ఆలోచిస్తున్నారు, వెనక కాళ్లు కూడా గుర్రాల డాక్టరుకి చూపించండి. స్యూ డైసనే స్వారీలో నొప్పిని గుర్తుపట్టడానికి 24 లక్షణాల పట్టిక తయారుచేశారు. చెవులు వెనక్కి పెట్టడం, తోక విసరడం, నోరు తెరవడం, తల ఎగరేయడం లాంటివి. వాటిలో 8 లేదా అంతకంటే ఎక్కువ కనపడితే ఎక్కడో నొప్పి ఉందనే అనుమానించాలంటారు. గర్త్ బిగిస్తే కరవబోవడం కడుపులో పుళ్ల వల్ల కూడా వస్తుంది, రేసు గుర్రాల్లో అవి మామూలే. ఇవన్నీ చూడకుండా జీనులు మారుస్తూ పోతే డబ్బూ పోతుంది, గుర్రమూ బాధపడుతుంది.

ఇంకోటి, వీపు ఏళ్లలోనే కాదు, ఒక్క స్వారీలోనూ మారుతుంది. పైన చెప్పిన గ్రేవ్, డైసన్ ఇద్దరే రేచెల్ మర్రేతో కలిసి 2015లో వెలువరించిన అధ్యయనంలో, సరైన పని చేశాక గుర్రం వీపు కొద్దిగా వెడల్పవుతుందనీ, జీను సరిగ్గా అమరినప్పుడు, స్వారీ చేసేవాళ్లు నేర్పరులైనప్పుడు ఆ మార్పు బాగా కనిపిస్తుందనీ చెప్పారు. అంటే నిలబడి ఉన్నప్పుడు అచ్చం అతికినట్టు ఉన్న జీను, అరగంట తర్వాత బిగుతవుతుంది. వీపుకి లేవడానికి చోటు ఉండాలి. అందుకే జీను అమరికని ఎప్పుడూ రెండుసార్లు చూస్తాను, పనికి ముందు ఒకసారి, బాగా వేడెక్కాక ఒకసారి.

మీ పని ఇక ఇది. ముందు డాక్టరు చేత నాలుగు కాళ్లూ, వీపూ చూపించండి. ఈ ఆదివారం గీతలన్నీ గీయండి. అట్టముక్కలతో రెండో జీనుని పరీక్షించండి. వంపు కలిస్తే ముందు జేబుల్లో పొరలు వేసి, మొదటి రెండు వారాలు ఇరవై నిమిషాలకి మించి ఎక్కకండి. దిగిన ప్రతిసారీ నమ్దా తిప్పి చెమట ముద్ర ఫొటో తీయండి, వీపు మీద రెండు వేళ్లతో మెల్లగా నొక్కుతూ వెళ్లి ఎక్కడ ముడుచుకుంటుందో చూడండి. ఆరు వారాలకి మళ్లీ గీతలు. మూపు దగ్గర కొత్త గీత పాతదానికి బయటికి వచ్చిన రోజున ఒక పొర తీసేయండి. వానాకాలం పచ్చగడ్డి వచ్చాక, మళ్లీ ఎండలు ముదిరి పని తగ్గాక తప్పకుండా గీయండి, మన దగ్గర ఒళ్లు ఎక్కువగా మారేది ఆ రెండుసార్లే. మొదటి గీతలు గీశాక కొలతలు ఇక్కడే పెట్టండి, కుడి ఎడమలు విడిగా రాసి. చూసి చెబుతాను.